గొంతు వెనక ఎరుపు

వెలుగు, మూడో రోజు

ఇవాళ పదకొండు గొంతులు చూశాను. పది మంది సొరంగం తవ్వేవాళ్లు. పదకొండో మనిషి కెజియా.

ముక్కులో మొద్దుబారే చుక్కలు వేసి, తీగ చివరి దీపాన్ని వేడినీళ్లలో ముంచి తీసి, మనసులో ఒక చిన్న ప్రార్థన చేసుకుంటాను. ప్రభువా, నా చెయ్యి వణకనివ్వకు. అంతే. పంతొమ్మిదేళ్లుగా అదే ప్రార్థన. తీగ అంగిలి వెనక నుంచి కిందికి దిగగానే తెర మీద స్వరపేటిక కనిపిస్తుంది. రెండు తెల్లని తంతువులు ముందు కలిసి ఉంటాయి, వెనక విడిపోతూ ఉంటాయి. తీగ పట్టుకోవడం నా పని. బొమ్మ చూసి జబ్బు పేరు చెప్పడం పెట్టె పని. ఇక్కడి దుమ్ము గాజుపొడి లాంటిది. అందుకని తవ్వేవాళ్ల గొంతులన్నీ నెలకోసారి చూస్తాం.

కెజియా తవ్వే మనిషి కాదు, పిలుపరి. పేటలోని ఏడు వీధుల్లో గాలి ఎలా ఉందో పూటపూటా అందరికీ వినపడే గొట్టంలో చెప్పేది ఆమే. ఎక్కడైనా గాలి కారితే ఆ వీధి అడ్డు తలుపును మూయించేదీ ఆమె గొంతే. ఆ తలుపు ఇంకొకరి మాట వినదు. ఒకప్పుడు యంత్రమే మూసేది. ఒకసారి మనుషులు ఇవతలికి రాకముందే మూసేసింది. అప్పటినుంచి మూసే మాట మనిషే అనాలని పేటవాళ్లు పట్టుబట్టారు.

రెండు నెలలుగా కెజియా గొంతు బొంగురుపోయింది. మాటిమాటికీ గొంతు సవరించుకుంటోంది. గొంతులో ఏదో ఉండ అడ్డుపడినట్టు ఉందంటోంది. పెట్టె పావు నిమిషం ఆలోచించి చెప్పింది.

"రాతి గొంతు. మొదటి దశ."

తీగ బయటికి తీశాక కెజియా ముక్కు తుడుచుకుంటూ నా వైపు చూసింది. "పిన్నీ, అదేమంది?"

వినపడలేదేమో అనుకున్నాను. వినపడింది. నా నోటితో ఇంకేదైనా చెబుతానేమోనని అడిగింది.

రాతి గొంతు ఉన్నవాళ్లు ఈ దుమ్ములో బతకలేరు. గొంతు మెల్లగా బిగుసుకుపోయి ఊపిరి ఆడదు. అందుకే నెలకోసారి, పద్నాలుగు రోజుల చీకటి తర్వాత వెలుగు మొదటి రోజున వచ్చే పడవలో వాళ్లను భూమికి దింపుతారు. అక్కడ పెద్ద ఆసుపత్రి ఉంది. మంచి నియమమే. కానీ కెజియా ఇక్కడే, చంద్రుడి మీదే పుట్టింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా భూమి మీద అడుగుపెట్టలేదు. అక్కడి బరువు ఆమె ఎముకలకు ఆరింతలు. దిగిందంటే ఇక లేచి నిలబడదు.

"భూమ్మీద నన్ను నా కాళ్లు మొయ్యవంట గదా, పిన్నీ" అంది.

నేను తీగ కడుగుతూ ఉండిపోయాను.

వెలుగు, నాలుగో రోజు

పెట్టె రాకముందు, చూసిన ప్రతి గొంతునూ రంగు పెన్సిళ్లతో పుస్తకంలో గీసి పెట్టాలన్నది ఈ గదిలో పద్ధతి. పెట్టె వచ్చాక అందరూ మానేశారు. నేను మానలేదు. ఒక మనిషి నోరు తెరిచి, కళ్లు మూసుకుని నా చేతికి తనను అప్పగిస్తే, అతని గొంతు ఎలా ఉందో నా చెయ్యి గుర్తుపెట్టుకోవాలనిపిస్తుంది.

ఉదయాన్నే పాత పుస్తకాలు తీశాను. ఇన్నేళ్లలో నేను చూసినవి ఆరు రాతి గొంతులు. ఆరింటిలోనూ తంతువుల ముందు భాగంలో బూడిదరంగు నలుసులు గీసి ఉన్నాయి. వెనక ఉండే రెండు గుబ్బలు మాత్రం లేత గులాబీ రంగులో శుభ్రంగా ఉన్నాయి. తర్వాత నిన్న గీసిన కెజియా బొమ్మ పక్కన పెట్టాను. ముందు ఒక్క నలుసూ లేదు. వెనక గుబ్బలు రెండూ వాచి, పండుమిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి. వాటి మధ్య చర్మం మందమెక్కి, గులకరాళ్లు పరిచినట్టు ఉంది. తంతువుల అంచులు ఉబ్బి, వాటి కింద రెండో గీత ఒకటి పడింది. పక్కల ఉండాల్సిన చిన్న గుంటలు పూడిపోయాయి. అంతటా చిక్కటి జిగురు.

డాక్టర్ ఫణీంద్రగారు మూడేళ్ల క్రితం భూమి నుంచి వచ్చారు. నా కొడుకంత వయసు ఉంటుంది. మర్యాదస్తుడు.

"డాక్టరుగారూ, ఒక్క మాట" అన్నాను. "దుమ్ము పైనుంచి ఊపిరితో వస్తుంది. ముందు పడుతుంది. ఈ అమ్మాయికి ముందంతా బాగానే ఉంది, వెనక కాలింది. స్వరపేటికకు వెనకాల ఉన్నది తిండి దిగే గొట్టం. ఇది కిందనుంచి వచ్చిందండీ. కడుపులో పులుపు."

"ఛాతీలో మంట ఉందందా? పులితేన్పులు?"

"లేవంది."

"మరి?"

"పులుపు ఛాతీలో నిలిస్తే కదండీ మంట తెలిసేది. కొంచెం కొంచెంగా పైదాకా వచ్చి వెళ్లిపోతే తెలియదేమో. గొంతు చర్మం కడుపంత గట్టిది కాదు. ఆ కొంచెమే చాలు."

ఆయన బొమ్మలు చూశారు. కొట్టిపారేయలేదు. "వెనక ఎరుపు చాలామందికి ఉంటుంది, దీనమ్మగారూ. నిన్నటి పదిమందిలో ఎందరికి ఉంది?"

పేజీలు తిప్పాను. ఆరుగురికి ఉంది. దాచకుండా చెప్పాను.

"చూశారా. వాళ్లకు గొంతు బాగానే ఉంది కదా."

అది నిజమే. మధ్యాహ్నం భోజనం మానేసి, పాత పరిచారికల చేతిపుస్తకం వెతికాను. అందులో వెనక భాగపు గుర్తులు ఎనిమిది ఉన్నాయి, ఒక్కోదానికి ఎంత తీవ్రతకు ఎన్ని మార్కులో రాసి ఉంది. ఆ ఆరుగురికీ వేశాను. రెండు, నాలుగు, మూడు, ఐదు, మూడు, నాలుగు. కెజియాకు పదిహేను.

"ఏడు దాటితే అనుమానించమంటోంది పుస్తకం" అన్నారు డాక్టరుగారు. "నమ్మమనలేదు."

"పెట్టెను నమ్ముతున్నారు గదండీ."

గట్టిగా అనలేదు. నాకు గట్టిగా అనడం రాదు. ఆయన పుస్తకం మూసి అన్నారు. "మీరు తప్పయితే, ఇక్కడ ఉంచినందుకు ఆమె ఊపిరి ఆగిపోతుంది."

"తెలుసండీ. మీరు తప్పయితే బతికినంతకాలం మంచం మీద ఉంటుంది."

ఆయన లేచి పెట్టె వెనక పలక విప్పి, అది ఏం చూస్తోందో తెర మీద వేయించారు. ఇద్దరం దగ్గరికి వంగి చూశాం. పెట్టె మేము పంపిన బొమ్మ అంచులు కత్తిరించి, రెండు తంతువుల్ని మాత్రమే ఉంచుకుంటోంది. దుమ్ము కోసమే తయారైన పెట్టె. దుమ్ము పడే చోటే చూడటం నేర్చింది. వాచిన తంతువు కనిపిస్తే దానికి తెలిసిన పేరు ఒక్కటే.

వెలుగు, ఐదో రోజు

మొదటి పిలుపుకు ముందే నాలుగో వీధికి, కెజియా గూటికి వెళ్లాను. నిద్ర లేవగానే నోట్లో నీళ్లు పోసుకోకుండా ఒక చిన్న కాగితం మీద ఉమ్మమన్నాను. మొక్కల తొట్టిలో నీళ్లు పులిశాయో లేదో చూసే కాగితం అది. నా ఉమ్మికి ఆకుపచ్చగా ఉంది. ఆమెదానికి నారింజ రంగుకు తిరిగింది.

"మొక్కలతో పాటు నన్నూ తొట్టిలో వేస్తావా, పిన్నీ?"

"నవ్వకు. ఎప్పుడు తింటున్నావు?"

"ఆఖరి పిలుపు అయ్యాక. తినేసి అలాగే పడుకుంటా. మళ్లీ మొదటి పిలుపుకు లేవాలి గదా."

ఆమె పడుకునే పలక చూశాను. ఇన్నేళ్లు నేనూ అలాంటి పలక మీదే పడుకున్నాను, ఎప్పుడూ చూడలేదు. పేటలో అందరం నీటిగోడకు తల పెట్టి పడుకుంటాం. సూర్యుడు మంటలు కక్కిన రోజున తలను కాపాడేది ఆ నీళ్లే. కాళ్ల కింద గొట్టాలు పోతాయి కాబట్టి పలక ఆ వైపు లేచి, తల వైపు వాలి ఉంటుంది. ఇక్కడ బరువు ఆరో వంతు. కడుపులో ఉన్నది కిందికి అణిగి ఉండదు. నిండా తిని, తల పల్లానికి పెట్టి, ఏడు గంటలు.

ఆ ఆరుగురికీ అన్నేసి మార్కులు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

వెలుగు, ఏడో రోజు

డాక్టరుగారూ నేనూ పేట పెద్ద వరహాలమ్మప్ప దగ్గరికి వెళ్లాం. ఆమె మొదటి పడవలో వచ్చినవాళ్లలో మిగిలిన ఒకే మనిషి. నీటిగోడకు తల పెట్టాలన్న నియమం ఆమెదే.

"ఏటే దీనమ్మా, పెట్టె తప్పూ నువ్వు ఒప్పూనా?"

"పెట్టె ముందు చూసిందప్పా. నేను వెనక చూశాను."

"ముప్పయ్యేళ్ల నుంచీ పేటంతా ఇలాగే తొంగుంతన్నాం. ఎవులికేటయ్యింది?"

"తొంగునే ముందు నిండా తిని, పూటపూటకీ గొట్టంలో పిలిచే మనిషి మన పేటలో ఒక్కతేనప్పా."

ఆమె డాక్టరుగారి వైపు తిరిగింది. కెజియాను మొదట చేతుల్లోకి తీసుకున్నది వరహాలమ్మప్పే. ఈ పేటలో పుట్టిన తొలి బిడ్డ అది.

"డాక్టరూ, నువ్వేటంటావు?"

"పడవ వచ్చేదాకా ఆగుదామండీ. మూడు రోజులకోసారి తీగ వేస్తాం. ఊపిరి దారి ఇంత సన్నబడినా పంపేద్దాం."

"సరే. పడవొచ్చే ముందు రోజు అడ్డు తలుపు కాడ పిలవాలి. మూడు పిలుపుల్లో తలుపు పడితే ఉంటాది. పడకపోతే ఎల్తాది. నాకు ఆ పిల్ల ఒకర్తే కాదు, ఏడు ఈదుల జనం ఉన్నారు."

ఆ రోజే కెజియా పలక తల వైపు రెండు మట్టి ఇటుకలు పెట్టాం. తల నీటిగోడ దగ్గరే ఉంది, పల్లం మాత్రం పోయింది. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం అయిపోవాలని డాక్టరుగారు అంటే, కెజియాకు నేనే చెప్పాను. కడుపులో పులుపు తగ్గించే మాత్రలు ఆయన మందుల సంచిలో పదిహేడే ఉంటే పదిహేడూ ఇచ్చేశారు.

వెలుగు, పన్నెండో రోజు

ఏమీ తగ్గలేదు. తీగ వేస్తే అదే ఎరుపు. పదిహేను కాస్తా పద్నాలుగు అయింది. అది కూడా నా ఆశే వేసిన మార్కేమో.

ఇవాళ కెజియా మూడో వీధి తలుపు దగ్గర ఊరికే పిలిచి చూసింది. మూడుసార్లు పిలిచినా తలుపు కదలలేదు. అక్కడ తవ్వేవాళ్లు కూర్చుని ఉన్నారు.

"పిలుపరమ్మా, గొట్టంలో కప్ప దూరిందేటి?" అన్నాడొకడు.

"కప్ప ఎలాగుంటదో నువ్వు సూసినావేటి?"

"నేదు. ఇలాగే అరుస్తాదంట."

అందరూ నవ్వారు. కెజియా కూడా నవ్వింది. తర్వాత నా గదికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది. ఏడిస్తే గొంతు ఇంకా వాస్తుందని నేను చెప్పలేకపోయాను.

వెలుగు, పదమూడో రోజు

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

డాక్టరుగారు కెజియాను కూర్చోబెట్టి, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లోకి ఏం వెళ్తోందో చెప్పమన్నారు. జావ, పప్పు, ఉడకేసిన దుంపలు. పడుకోవడానికి మూడున్నర గంటల ముందు ఆఖరి ముద్ద. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఇంకేం లేదుగా?"

"లేదండీ" అంది. అని, నా వైపు చూసి కళ్లు దించుకుంది.

రెండు నెలలుగా రోజూ ఆమె పడుకునే వేళకు మిరియాలు, అల్లం, చింతపండు వేసి కాచిన కషాయం నా చేత్తో తీసుకెళ్లి ఇస్తున్నాను. గొంతు బాగుపడాలని ప్రార్థన చేసి మరీ ఇస్తున్నాను. మూడు గంటల ముందు ఏమీ తినకూడదని చెప్పింది నేనే. అది చెప్పిన సాయంత్రం కూడా చెంబు పట్టుకుని వెళ్లాను.

"ఎందుకు చెప్పలేదే?"

"అది మందు గదా పిన్నీ, తిండి కాదు గదా. నువ్విచ్చిందే గదా."

డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. గదిలోకి వెళ్లి మోకరించాను. నా ప్రేమ మీద నాకున్న నమ్మకాన్ని క్షమించమని అడిగాను. అడిగి లేచి చెంబు కడిగి బోర్లించాను.

చీకటి, ఐదో రోజు

కెజియా నిద్ర లేచాక ఉమ్మిన కాగితం పచ్చగా ఉంది. వరసగా మూడో రోజు. గొంతు సవరించుకోవడం తగ్గిందని ఆమె చెప్పలేదు. నేనే గమనించాను. పిలుపుకూ పిలుపుకూ మధ్య ఎన్నిసార్లు గొంతు సవరిస్తుందో గీతలు పెడుతున్నాను. నలభై ఉండేది, పదకొండు అయింది.

చీకటి, ఎనిమిదో రోజు

తీగ వేశాం. జిగురు పల్చబడింది. గుబ్బల వాపు దిగి, రెంటి మధ్య సందు మళ్లీ కనిపిస్తోంది. పక్క గుంటలు సగం తెరుచుకున్నాయి. నేను ఒక కాగితం మీద, డాక్టరుగారు ఇంకో కాగితం మీద, ఒకరిది ఒకరం చూడకుండా మార్కులు వేశాం. నాది తొమ్మిది. ఆయనది ఎనిమిది.

పెట్టె మాత్రం "రాతి గొంతు, మొదటి దశ" అంది.

"దీన్ని చీకట్లో పడుకోబెడదాం" అని డాక్టరుగారు దాని మీద దుప్పటి కప్పారు. మూడేళ్లలో ఆయన వేళాకోళం చేయడం అదే మొదటిసారి.

చీకటి, పద్నాలుగో రోజు

పడవ రేపు.

మూడో వీధి అడ్డు తలుపు దగ్గర పేటలో సగం మంది చేరారు. తలుపు దగ్గర వరహాలమ్మప్ప కర్ర పట్టుకుని నిలబడింది. కెజియా పేరు పడవ జాబితాలో ఉంది. ఆమె చిన్న మూట కట్టుకుని తెచ్చుకుంది.

నిన్నటి మార్కులు ఏడు. ఏడు అంటే బాగైనట్టు కాదు. ఇంకో రెండు నెలలు పడుతుందని డాక్టరుగారు అంటూనే ఉన్నారు. తలుపుకు రెండు నెలలు తెలియవు. దానికి గుర్తున్నది ఆరేళ్ల కిందట నేర్పిన కెజియా గొంతు.

మొదటి పిలుపు. "మూడో వీధి, తలుపు మూయి."

సగం మాట దగ్గర గొంతు చీలింది. తలుపు కదలలేదు. ఎవరూ దగ్గలేదు, నవ్వలేదు. కప్ప మాట అన్నవాడు తల వంచుకున్నాడు.

రెండో పిలుపు ఇంకా గట్టిగా పిలిచింది. తలుపు లోపల ఏదో టక్కుమంది. ఆగిపోయింది.

కెజియా నన్ను చూసింది. జనంలో నుంచి ముందుకు వెళ్లాను. ఇంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"అరవకమ్మా" అన్నాను. "అరిస్తే వాచినవి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. రోజూ గాలి బాగుందని ఎలా చెబుతావో అలా చెప్పు. ఊపిరి కడుపులోంచి తీసుకో. తలుపు చెవిటిది కాదు."

కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. ప్రార్థనకు మాటలు దొరకలేదు, ఊరికే చేతులు పట్టుకున్నాను.

"మూడో వీధి" అంది కెజియా. మామూలుగా, పక్కింటావిడతో అన్నట్టు. "తలుపు మూయి."

కాళ్ల కింద నేల అదిరింది. నలుగురు మనుషుల మందం ఉన్న తలుపు పైనుంచి జారి, గాడిలో కూర్చుని, గాలి బిగించుకుంది. ఆ చప్పుడు ఆగింది. తర్వాత తవ్వేవాళ్లు శిరస్త్రాణాలు తీసి మట్టిబండ్ల పట్టాల మీద కొట్టడం మొదలుపెట్టారు. ముందు మూడో వీధి, తర్వాత నాలుగు, ఐదు. ఏడో వీధి చివర నుంచి కూడా ఆ మోత వినిపించింది. వరహాలమ్మప్ప కర్ర చంకలో పెట్టుకుని, జాబితా తీసి, కెజియా పేరు మీద అడ్డంగా గీత గీసింది. గీత ఒకటి చాలలేదు, నాలుగు గీసింది.

కెజియా నా భుజం మీద తల పెట్టి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఇప్పుడైనా ఏడవకూడదా, పిన్నీ?"

"కొంచెం ఏడువు" అన్నాను.

వెలుగు, మొదటి రోజు

పడవ వచ్చి వెళ్లింది. ఒక సీటు ఖాళీగా పోయింది.

ఉదయం నుంచీ పేటలో ఇటుకలు మోసే చప్పుడే. ఏ వీధిలో చూసినా పలకలు ఎత్తుతున్నారు. డాక్టరుగారు పెట్టె తయారుచేసినవాళ్లకు ఉత్తరం రాశారు, బొమ్మ అంచులు కత్తిరించవద్దని. నా బొమ్మలు కూడా జతచేశారు. కింద నా పేరు రాయమంటే మొహమాటపడ్డాను. ఆయనే రాశారు, "కొరపాటి దీనమ్మ, గొంతు దీపం పరిచారిక" అని.

గది ముందు పంతొమ్మిది మంది వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందు వరహాలమ్మప్ప వచ్చి కుర్చీలో కూర్చుంది. నెలనెలా రమ్మన్నా ఒక్కసారి కూడా రాని మనిషి.

"సూడవే. నాకేటీ నేదు. ఊరికే సూడు."

ముక్కులో చుక్కలు వేశాను. ప్రార్థన చేసుకున్నాను. తీగ దింపాను. పెట్టె మీద దుప్పటి అలాగే ఉంది. తెర మీద చూసి, మెల్లగా లెక్కపెట్టుకుని, బయటికి తీశాను.

"ఏటి? ఏటుంది?"

"పదకొండు, అప్పా."

"ముప్పయ్యేళ్ల నుంచీ పొద్దున్నే గొంతు కరకర మంతాది. ముసిల్దాన్నయిపోనాను గదా అనుకున్నాను."

"ముసలితనం కాదప్పా, పలక. ఇటుకలు రెండు చాలవు, మూడు పెట్టించుకో. పడుకునే ముందు ఆ ఉప్పు చేప మానెయ్యి."

"సేప మాననేను."

"మానెయ్యాలి" అన్నాను.

బయట వరసలో ఉన్నవాళ్లు నా గొంతు విన్నారట. దీనమ్మ అరిచిందని మధ్యాహ్నానికల్లా ఏడు వీధుల్లోనూ చెప్పుకున్నారు.